డ్రైవరమ్మ ఎక్కలేని పడవ

డ్రైవరమ్మ సాధించిన మొట్టమొదటి విజయం హెవీ లైసెన్సు. అదేమీ ఊరికే వచ్చి ఒళ్లో పడలేదు. రెండుసార్లు పరీక్షలో తప్పించారు. మొదటిసారి ఇన్‌స్పెక్టరు ఆమెను ఎగాదిగా చూసి, "మీ ఆయన రాలేదామ్మా? పరీక్ష ఎవరికి?" అన్నాడు. రెండోసారి అద్దం సరిచేసుకోవడంలో ఆలస్యమైందని కొట్టేశాడు. మూడోసారి ఆమె బస్సును ఎత్తు మీద ఆపి, అంగుళం కూడా వెనక్కి జారనివ్వకుండా ముందుకు లాగి, డ్రమ్ముల మధ్య నుంచి రివర్సులో తెచ్చి సరిగ్గా ఆయన బల్ల ముందు నిలబెట్టింది. ఆయన వెంటనే సంతకం పెట్టాడు. ఆ ఊరి బస్సు డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఈ సంగతి ఇప్పటివాళ్లు మర్చిపోయారు గనక చెప్పవలసి వస్తోంది.

తర్వాతవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. కొండ దారిలో బ్రేకు పోతే గేర్ల మీదే బండిని కిందికి దింపి, ఒక్క ప్రయాణికుడికి గీత కూడా పడకుండా కాపాడింది. వరద రోజున నొప్పులు పడుతున్న మనిషిని బస్సుతో సహా ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకెళ్లింది. రిటైరయ్యేదాకా ఆమె చేతిలో ఒక్క ప్రమాదం జరగలేదు. అయితే డిపోలో కథలా చెప్పుకునేది మాత్రం ఇవేవీ కావు. కొండ ఎక్కే బండిలో సీట్లు నిండాక ఆమె ఇంకొక్క మనిషిని ఎక్కించుకునేది కాదు. ఎవరైనా మొండికేస్తే ఇంజను ఆపేసి, చేతులు కట్టుకు కూర్చునేది. ఒకసారి ఒకాయన మెట్టు పట్టుకుని, "లోపల నా భార్య ఉందమ్మా, నేల మీద కూర్చుంటాను" అని బతిమాలాడు. "బండి నాది, మాట నాది. మీరు వెనక బండిలో రండి" అంది. ఆయన దిగాకే ఇంజను మోగింది.

అంతటి మనిషిని ఆటపట్టించే ధైర్యం ఆమె భర్త ఒక్కడికే ఉండేది. ఆయన దర్జీ. గట్టిగా మాట్లాడితే దారం తెగుతుందేమో అన్నట్టుండే మనిషి. ఆమె ఖాకీ చొక్కాలన్నీ ఆయన చేతి కుట్టే. బండి ఆలస్యమైన రోజు మిషను ఆపేసి వీధి మలుపులో నిలబడేవాడు.

"ఇక్కడెందుకు నిలబడ్డారు? నేనేమన్నా తప్పిపోయే పిల్లనా?" అని ఆమె కసిరేది.

"గాలి కోసం వచ్చానే" అనేవాడు. చలికాలంలో కూడా అదే మాట.

రిటైరైన రోజున తోటి డ్రైవర్లంతా కలిసి ఆమెకు ఓ బహుమతి ఇచ్చారు. సముద్రంలో చిన్న దీవి, అందులో ఓ గెస్ట్‌హౌస్, ఇద్దరికీ వారం రోజుల విడిది. "ఒక్క షరతు అక్కా. ఈ వారం నువ్వు ఏ బండీ తోలకూడదు. ఊరికే కూర్చోవాలి" అన్నారు. ఆమె నవ్వింది. అదెంత కష్టమో పడవెక్కాక గాని తెలియలేదు. పడవ ఊగినప్పుడల్లా ఆమె కుడికాలు దానంతటదే కింది చెక్కను తొక్కేది.

"అక్కడ బ్రేకు లేదే" అన్నాడు భర్త.

"అమ్మా, ఆ చెక్క కొత్తది, కాస్త మెల్లిగా తొక్కండి" అన్నాడు పడవ నడిపే సరంగు.

గెస్ట్‌హౌస్‌లో నాలుగు గదులు, ముందొక వరండా. ఇంటావిడ ఒంటరి మనిషి. కళ్లద్దాలు మెడలో వేలాడుతుండగా ఇల్లంతా వాటికోసం వెతికేది. దీవిలో మోటారు బండ్లు లేవు. సామాను మోయడానికి రెండు చక్రాల తోపుడుబండి ఒక్కటే ఉంది. సాయంత్రం వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకు కూర్చుంటే ఆయన అన్నాడు: "ఇన్నేళ్లకి నీ పక్క సీటు దొరికింది. నీ బండిలో డ్రైవరు పక్కన సీటే ఉండదాయె." ఆ మాటకు ఆమె కళ్లనీళ్లు వచ్చేంత నవ్వింది.

మూడో రోజు పొద్దున సరంగు రేవు నుంచి పైకి వచ్చాడు. "గాలి మారుతోంది. వచ్చేవాళ్లు ఇప్పుడే వచ్చేయండి. మళ్లీ పడవ ఎప్పుడో నేను చెప్పలేను."

ఆమె భర్త వైపు చూసింది. "ఏమండీ, వెళ్దామా?"

"వారం కాలేదుగా" అన్నాడాయన. కుర్చీలో కాస్త వంగి కూర్చున్నాడు. గాలికి చలేసి వంగాడనుకుంది. పడవ వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన మంచం మీద ముడుచుకుపోయాడు. మర్నాటికి జ్వరం. మేడమీది గది కిటికీ దగ్గర మాత్రమే ఫోను పలికేది. అక్కణ్ణుంచి ఆస్పత్రికి చేసింది. అపెండిక్స్ కావచ్చు, పగిలితే ప్రాణం మీదికొస్తుంది, వెంటనే తీసుకురండి అన్నాడు డాక్టరు.

"దేంట్లో తీసుకురమ్మంటారు?" అని అడిగింది. తీరరక్షణవాళ్లకు కబురు పెడతానన్నాడు డాక్టరు.

కిందికొచ్చి భర్త దగ్గర కూర్చుంది. "నొప్పిగా ఉందని నిన్న ఒక్క మాట అనడానికేం?"

"నువ్వు నవ్వుతున్నావే" అన్నాడు. "చెడగొట్టబుద్ధి కాలేదు."

ఆమె ఆయనకు దుప్పటి సరిచేసింది. ఊళ్లో అయితే ఈపాటికి ఏ బండో తీసి, హారను మీద చెయ్యి తియ్యకుండా ఆస్పత్రిలో దింపేది. ఇక్కడ చుట్టూ నీళ్లు. రేవుకు వెళ్లి నిలబడేది, తిరిగొచ్చి ఒళ్లు పట్టి చూసేది, మళ్లీ రేవుకు వెళ్లేది.

సాయంత్రానికి కబురొచ్చింది. అలలు కొంచెం తగ్గాయి, తీరరక్షణవాళ్ల పడవ వస్తోంది. ఇంటావిడా ఆమే కలిసి పరుపు వేసి ఆయన్ను తోపుడుబండి మీద పడుకోబెట్టారు. తొయ్యడానికి ఆమె ఇంకెవర్నీ రానివ్వలేదు. రాళ్లు తప్పించుకుంటూ, పల్లంలో బరువంతా తనమీదికి తీసుకుంటూ దింపింది. "మెత్తగా తోలుతున్నావే" అన్నాడాయన కళ్లు మూసుకునే.

వచ్చిన పడవ చిన్నది. లోపల ఒక నర్సు, ఇద్దరు మనుషులు. స్ట్రెచర్ ఎక్కించాక కాలు పెట్టడానికి చోటు లేదు. ఆమె అప్పటికే ఒక కాలు లోపల పెట్టింది.

"పేషెంటు ఒక్కరే అమ్మా. మీరు దిగాలి" అన్నాడు చక్రం దగ్గరున్న గడ్డపాయన.

"మా ఆయన బాబూ. నేల మీద కూర్చుంటాను."

నోట్లోంచి మాట వచ్చాక గాని అది ఎవరి మాటో ఆమెకు తెలియలేదు. మెట్టు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి మొహం గుర్తుకు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. అసలు ఆయన మొహం చూసిన జ్ఞాపకమే లేదు.

"ఈ అలల్లో ఇంకొక్క మనిషి బరువు కూడా వద్దు. మీరు దిగితేనే కదుల్తాను" అని గడ్డపాయన చక్రం మీంచి చెయ్యి తీసేశాడు.

ఆ తీసిన చేతికి అర్థం ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? పడవ అంచు వదిలేసి కాలు వెనక్కి తీసుకుంది. "బండి మీది. మాట మీదే" అంది.

స్ట్రెచర్ మీంచి భర్త గొంతు వినిపించింది. "వెనక బండిలో రావే."

ఆ రేవులో వెనక బండి లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ పడవ చేరేదాకా అలలు ఆగాయి. తర్వాత గాలి రెట్టింపయింది. అవతలి ఒడ్డున ఉన్న వాళ్ల కూతురు ఆస్పత్రికి పరిగెత్తింది. "అపెండిక్స్ పగిలిందట అమ్మా. ఆపరేషను చేశారు. రెండు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమంటున్నారు" అంది ఫోనులో.

"నేనేం చెయ్యనే?"

"నువ్వేం చేస్తావు, అక్కడ కూర్చుని? తిను, పడుకో."

తినలేదు, పడుకోలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకు కూర్చుంటే కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకంటే భయం. పొద్దు వాలేసరికి కాళ్లు రేవుకే లాగేవి. ఇంటావిడ గొడుగు పట్టుకుని వెనకే వచ్చేది.

"ఈ గాలిలో ఇక్కడెందుకు అక్కయ్యా? ఇవాళ పడవ రాదుగా."

"గాలి కోసమేనమ్మా" అంది డ్రైవరమ్మ.

ఆపరేషనైన మూడో రోజు ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగాడని కూతురు చెప్పింది. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. గాలి మాత్రం ఎవరి మాటా వినలేదు. చివరికి సరంగు నుంచి కబురొచ్చింది, ఆదివారానికి తగ్గుతుందని. కూతురు ఆ సంగతి తండ్రి చెవిన వేసింది. అప్పటినుంచి వార్డులో నర్సు రానీ, పక్క మంచం మనిషి కదలనీ, ఆయన చెప్పేది ఒకటే: మా ఆవిడ ఇరవై మూడో తారీకు, ఆదివారం, పొద్దుటి పడవలో వస్తుంది.