గుడ్డ ఆరేదాకా

నా చిన్నప్పుడు, రోహిణి ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం మా తమ్ముణ్ణి పాము కరిచింది. మా ఊరు ఎస్. రాయవరం పక్కన, పెద్దాసుపత్రి అనకాపల్లిలో. మా మామయ్య అద్దెకు తిప్పే పాత పెట్రోలు కారులో అమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని వెనక కూర్చుంది. నేను ముందు సీట్లో ఎక్కాను.

హైవే ఎక్కకముందే కారు ఆగిపోయింది. అప్పటి కార్లకు మనుషుల్లాగే ఎండదెబ్బ తగిలేది. పంపులో పెట్రోలు ఆవిరైపోయి ఇంజనుకు అందేది కాదు. మామయ్య సెల్ఫ్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కొట్టినకొద్దీ ఆ చప్పుడు నీరసించింది. రోడ్డు మీద మరో బండి జాడ లేదు.

మామయ్య దిగి, పంపు చల్లబడాలని తువ్వాలు తడిపి దానికి చుట్టాడు. తర్వాత తాళం ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"నీకాడుంచు కోడలా. ఆ గుడ్డ ఆరేదాకా నేనడిగినా ఇవ్వొద్దు. మళ్లీ కొడితే బేటరీ సచ్చిపోద్ది."

కాసేపటికి నిజంగానే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. వెళ్లి గుడ్డ తాకి చూస్తే అంచున ఇంకా చెమ్మ ఉంది. తమ్ముడి కళ్లు మూతలు పడుతున్నాయి. నేను తిరిగి సీట్లో కూర్చోగానే అమ్మ వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది.

"తాళమియ్యే. నీ తమ్ముడు పోతన్నాడే."

ఆ క్షణాన మామయ్య మీద నాకు పుట్టినంత కోపం ఇంకెవరి మీదా పుట్టలేదు. అయినా గుప్పిట విప్పలేదు. గుడ్డ పూర్తిగా ఆరాకే తాళం ఇచ్చాను. ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది.

మొన్న ఆ తమ్ముడి మనవడు కొత్త కరెంటు కారులో మా ఇద్దర్నీ పాయకరావుపేట తీసుకెళ్లాడు. దానికి పంపూ లేదు, తాళమూ లేదు, అంతా ఫోనులోనే. రాబోయే కార్లు వాటంతటవే నడుస్తాయట. దారిలో ఛార్జింగు ఎక్కక వాడు విసుగ్గా ఫోను నొక్కిందే నొక్కుతుంటే, కాసేపు ఆగమని తెరమీద రాసి ఉండటం చూసి, ఆ ఫోను ఇలా ఇమ్మన్నాను. వెనక సీట్లో తమ్ముడు నవ్వాడు.

అమ్మ ఆనాటి సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ఇంటి తాళాలన్నీ నా దగ్గరే ఉంచేది. ఇప్పటికీ ఎవరైనా కంగారుగా చెయ్యి చాపితే, ముందు నా గుప్పిట బిగుసుకుంటుంది.