చివరి పాదంలో వాన

చదువు ఒంటబట్టక ఆ గొర్రెలకాపరి కూతురు బడి మానేసిందని ఉదయగిరిలో ఇప్పటికీ అంటారు. శుద్ధ అబద్ధం. ఆ తరగతికి పాఠం చెప్పింది నేను.

ఆ కరువు ఏడాది, మబ్బుల మీది పద్యమొకటి బోర్డు మీద రాసి, చివరి పాదం మాత్రం రాయకుండా, తర్వాత ఏమవుతుందని అడిగాను. వాన పడుతుందని అందరూ అరిచారు.

"పడదు పంతులమ్మా. రెండో పాదంలోనే కొంగలు కొండ దాటి పోయినాయి గదా. వానొచ్చేదైతే అవెందుకు పోతాయి?" అంది ఆ పిల్ల.

చివరి పాదం రాశాను. అందులో వాన కురిసింది.

"ఈ కవి మన పక్కోడు కాదులే," అంది. పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి చూస్తే ఎండిన చెరువులో ఒక్క కొంగా లేదు.

వారం తిరగకముందే వాళ్ల నాయన మందతో పాటు కూతుర్నీ తోలుకుని కొండ దాటాడు. కొంగలు పోయిన చోట నీళ్లుంటాయి, సరే. బడి ఉండిందా?