సారంగం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

ఒక మనిషి మా గడప ముందు నిలబడి నాకు క్షమాపణ చెప్పాడు. నేను తీసుకున్నాను. పెద్ద మనసున్నదానిలా మన్నించాను కూడా. తప్పు చేసింది అతను కాదు, నేను. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు ఇదే. చెప్పడానికి రెండు ముక్కలు. మోయడానికి మాత్రం... బియ్యం బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి భుజం మార్చుకోవచ్చు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఇద్దరికీ అదే మంచిది. ఒక మాట మాత్రం ముందే చెబుతాను. చేసినదానికి కుమిలి కుమిలి ఏడుస్తానని ఎదురుచూస్తుంటే మీకు ఆశాభంగమే. అందులో సగానికి నాకు ఇవాళ్టికీ సిగ్గు లేదు.

నేను బడికి పోలేదు. మా పుట్టిల్లు నేలకొండపల్లి పక్కన పల్లె. మా నాయన అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, భాగవతం చదివించాడు. భజన పాటలూ తాళమూ మా మేనత్త దగ్గర వచ్చాయి. ఆ ఇద్దరికీ రుణపడి ఉన్నాను. పెళ్లయి పాల్వంచ వచ్చాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎనభైల నడుమ సంగతి ఇది. ఆయనా, ఇంకొందరు స్నేహితులూ కలిసి ఒక ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. కిరాయికి వాయించేది కాదు. డ్యూటీలు దిగాక మా ముందర గదిలో చేరి తమ సరదా కోసం వాయించుకునేవాళ్లు. ఎవరైనా ప్రేమగా పిలిస్తే పోయి వాయించి, పెట్టింది తిని వచ్చేవాళ్లు. మా ఆయనది బేస్ గిటార్. నాలుగు లావు తీగలు, కలకత్తాలో చేసింది.

ఆ గిటార్‌ను ఉత్తగా మీటితే పక్కగదికి కూడా వినిపించదు. మామూలు మైకుసెట్టుకు తగిలిస్తే స్పీకర్ అట్ట చిరిగిపోయేది. అట్లా ఒకటి చిరిగాక, సారంగం అనే స్నేహితుడు దానికోసమే ఒక ఆంప్లిఫయర్ చేశాడు. కొత్తగూడెంలో ఎలక్ట్రీషియన్. అతనికి ఏ వాయిద్యమూ రాదు. చేయడం సరదా, చేసింది మోగుతుంటే వినడం సరదా. పాత రేడియోల్లోలాగా గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్ అది. దానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మా ఇంట్లోనే కూర్చుని చేత్తో చుట్టాడు. ఒక వరస సన్నని రాగి తీగ, మీద ఒక పొర కాగితం, మళ్లీ ఒక వరస తీగ. ఎన్నో ఆదివారాలు అదే పని. స్పీకర్‌కు డబ్బా వేరే. ములకలపల్లి నుంచి తెచ్చిన వేగిస చెక్కతో చేశారు. లేపాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి.

చేసి ఇచ్చిన రోజు సారంగం నాతో అన్నాడు. "వదినా, ఇంట్ల ఉండేది నువ్వు, అందుకే నీకు చెబుతున్న. డబ్బా తగిలియ్యకుండ దీన్ని మోగియ్యద్దు. సౌండు బయటికి పొయ్యే తొవ్వ లేకపోతె లోపల ట్రాన్స్‌ఫారం మాడిపోతది. గంతే. మల్ల లేవదు."

అప్పటి నుంచి మావాళ్లకు ఒక అలవాటు పడింది. ఆంప్లిఫయర్ స్విచ్చి దగ్గరున్నవాడు "డబ్బా?" అని కేకేయాలి. వెనకున్నవాడు ప్లగ్గు ముట్టుకుని చూసి "కలిసింది" అనాలి. ఆ మాట వినకుండా స్విచ్చి వేసేవాడు కాదు ఎవడూ. పూజకు ముందు ఆచమనంలాగా.

నేనెప్పుడు మొదలుపెట్టాను? దుమ్ము తుడుస్తూ. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ప్లగ్గు చూసుకున్నాను, స్విచ్చి వేశాను, లావు తీగ ఒక్కసారి మీటాను. వంటింట్లో గిన్నెల మీద మూతలు సన్నగా పలికాయి. నా పాదాల కింద నేల కదిలినట్టయింది. భజనలో ఎంత గొంతెత్తి పాడినా అటువంటిది ఎన్నడూ ఎరగను. ఆ పూట దేవుడి ముందు దీపం పెట్టి, నాకు ఇది వినిపించినందుకు దండం పెట్టుకున్నాను.

తర్వాత రోజూ మధ్యాహ్నాలు నావే. డబ్బా మీద బొంత కప్పి వాయించేదాన్ని. పాటకు కింద ఏ స్వరం నిలబెడితే పాట నిటారుగా నడుస్తుందో భజనల వల్ల నాకు తెలుసు. మా ఆయన ఒకరోజు ముందే వచ్చి చూశాడు. కోప్పడలేదు. సంతోషించాడు. ఆయన మంచివాడే, అది దాచను. "ఈ పాటకు ఏం వాయించాలె?" అని నన్నే అడగడం మొదలుపెట్టాడు. నేను చూపిస్తే అట్లాగే వాయించేవాడు. స్నేహితులు భుజం తడితే నవ్వేవాడు. నా పేరు చెప్పేవాడు కాదు. అప్పట్లో నాకూ అది బాధనిపించలేదు. పైగా ఒక రకం తృప్తి. నిజం రాస్తున్నాను కదా, ఇదీ నిజమే.

ఆ ఏడు శ్రీరామనవమికి దుమ్ముగూడెంలో వాయించడానికి ఒప్పుకున్నారు. అంతలో ఫ్యాక్టరీలో మా ఆయన ఎడమచేతి వేళ్లు నలిగాయి. కట్టు కట్టారు. అందరూ ముందర గదిలో కూర్చుని ఏం చేద్దామంటే ఏం చేద్దామని మథనపడుతున్నారు. నేను చాయ్ గ్లాసులు పెట్టి, తలుపు దగ్గర నిలబడి, "నేను వాయిస్త" అన్నాను.

ఆర్గన్ వాయించే ప్రకాశం నవ్వాడు. "వదినా, నువ్వు గిటార్ పట్టుకోని స్టేజి ఎక్కితె జనం సీతమ్మను ఇడిసి నిన్నే చూస్తరు. ఆ పాపం మాకెందుకు?"

అందరూ నవ్వారు. మా ఆయన కట్టు వైపు చూసుకుంటూ, "ఖమ్మంల ఒకతను ఉన్నడు, బ్యాంకుల గుమస్తా. మంచిగ వాయిస్తడు. పిలుస్త. నువ్వు మన వరసలు నేర్పియ్యి, సరిపోతది" అన్నాడు. మన వరసలు. సారంగం నవ్వలేదు. అట్లాగని నోరు విప్పలేదు కూడా.

నేర్పాను. ఏ స్వరం ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఖాళీ వదలాలో, అన్నీ. బ్యాంకతను బుద్ధిమంతుడు. "అక్కా, ఈ వరసలు ఎవ్వలు కట్టిండ్రు? మస్తున్నయ్" అన్నాడు. "మా ఆయన" అన్నాను.

నవమి రోజు పొద్దున కల్యాణం కళ్లారా చూశాను. తలంబ్రాలు కళ్లకద్దుకుని కొంగున ముడేసుకున్నాను. ఎండ తగ్గాక ఆర్కెస్ట్రా. స్టేజి చిన్నది. డబ్బా ముందు పెడితే పలకలు అదురుతున్నాయని వెనక తెర చాటున పెట్టారు. నేనూ అక్కడే కూర్చోవాలి. ఆ బ్యాంకతను మరిచిపోతే తెర వెనక నుంచి అందించడానికి. "డబ్బా?" అని మా ఆయన ముందు నుంచి అడిగాడు. సారంగం నా పక్కనే వంగి ప్లగ్గు ముట్టుకుని చూసి, "కలిసింది" అన్నాడు. అని, ముందుకు వెళ్లిపోయాడు.

నేను ప్లగ్గు పీకాను.

కోపంలో చేశానా? అట్లా రాస్తే సులువు. కోపం రాలేదు. గ్యాస్ పొయ్యి ఆపినంత నెమ్మదిగా చేశాను. ఏం జరుగుతుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. సారంగం చెప్పింది నాకే కదా. పాట మొదలైంది. బేస్ లేదు. ముందు గొణుగుడు వినిపించింది. "పెంచు." "పెంచిన." "ఇంక పెంచు." అందరూ గిటార్ నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చే వైరునే చూస్తున్నారు, ఎప్పుడూ చెడిపోయేది అదే కాబట్టి. వెనక డబ్బా సంగతి సారంగం చూశాడు, సారంగం చూశాడంటే చూసినట్టే. నా చేతిలో ప్లగ్గు ఉంది. తిరిగి పెట్టే వ్యవధి ఉందా? ఉంది. పెట్టానా? లేదు. ట్రాన్స్‌ఫార్మర్ తీగ మీది వార్నిష్ కాలిన వాసన తెర దాటి వచ్చాక, అప్పుడు పెట్టాను.

దీంట్లో నా బతుకే కనిపిస్తోంది, తొవ్వ లేని సౌండు నేనేనని మీరు అనబోతుంటే ఆగండి. నేను మాడిపోలేదు. మాడ్చాను. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంకొకటి వినండి. కార్యక్రమం ఆగలేదు. ప్రకాశం ఆర్గన్ మీదే కింది స్వరాలు సర్దుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పులిహోర తిన్నారు. బేస్ వినిపించలేదేమని ఒక్క మనిషి కూడా అడగలేదు. ట్రాక్టరులో గోదావరి వారధి దాటి వస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే నోట్లో కొంగు కుక్కుకున్నాను.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. వాళ్లకు నేను ఒక పాట బాకీ పెట్టాను, వాళ్లు నాకు ఒక స్టేజి బాకీ పెట్టారు. చెల్లుకు చెల్లు అనుకునేదాన్ని.

కానీ కొన్నాళ్లకు సారంగం వచ్చాడు. గడప దాటలేదు.

"అన్న లేడా వదినా?"

"డ్యూటీకి పోయిండు. లోపటికి రా, చాయ్ పెడత."

"వద్దొదినా. అన్నకు చెప్పిన. నీకు వేరే చెప్పాలె, అందుకే వచ్చిన. ట్రాన్స్‌ఫారం ఇప్పి చూసిన. లోపలంత మాడి ముద్దయ్యింది. చుట్టేటప్పుడు నడుమల ఒకసారి తీగ తెగింది. మల్ల మొదటికెల్లి చుట్టుడేందని అతుకేసిన. ఎవ్వలకు చెప్పలే. ఆ అతుకే పోయింది. ఇంకొకటి కారణం ఉండది."

"వోల్టేజీ వల్లనేమో" అన్నాను. ఆ మాట కూడా అతని మీద జాలితో కాదు, నా మీదికి వస్తుందన్న భయంతో.

"కాదొదినా. వోల్టేజీ అయితె ఆర్గన్ పోవాలె ముందుగాల. ఇది నా పనే. నువ్వు గా బ్యాంకాయనకు కూసోబెట్టి నేర్పినవ్. గా వరసలు అన్న కట్టినయి కావని నాకు ఎరుకే. నీ కష్టమంత నా అతుకు మింగింది. ఏమనుకోకొదినా."

ఎరుకేనట. అన్నాళ్లూ అతనికి ఎరుకే.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నాలుక మీదికి వచ్చింది. వచ్చిందా నిజంగా? ఇప్పుడు నన్ను నేను బాగు చేసుకోవడానికి వచ్చిందంటున్నానా? తెలియదు. నేను అన్నది మాత్రం ఇది.

"ఏం కాదులే. ఎవ్వలకైన అయితది. మనసుల పెట్టుకోకు."

"నీ మనసు పెద్దదొదినా" అని రెండు చేతులూ జోడించాడు.

ఇదీ నా నేరం. ప్లగ్గు పీకినందుకు కాదు నేను మీ ముందు తల దించేది. ఈ గడప దగ్గర, చేతులు జోడించిన మనిషికి, అతను చేయని తప్పును నేను మన్నించాను చూశారూ, అందుకు. అంతకుముందు ఖమ్మంలో ఒకరూ ఇల్లెందులో ఒకరూ అటువంటి ఆంప్లిఫయర్ చేసిపెట్టమని సారంగాన్ని అడిగి ఉన్నారు. ఇద్దరికీ చేయనని చెప్పేశాడు. మళ్లీ ఎన్నడూ చుట్టలేదు. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె చెడిపోతే కూడా, "షాపుల ఇయ్యి వదినా, నా చెయ్యి మంచిది కాదు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేను వినేదాన్ని. మా ఆయన ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టించాడు, మోగేది, గిన్నెలు మాత్రం మళ్లీ పలకలేదు.

అతనికి శిక్ష వేయాలని చేశానా? ఆ రోజు నా తరఫున నోరు విప్పలేదనా? అట్లా అయినా అందులో ఒక న్యాయం ఉండేది. అతను నాకు గుర్తుకే రాలేదు. ప్లగ్గు పీకేటప్పుడు నా కళ్ల ముందు మా ఆయన ఉన్నాడు, ప్రకాశం ఉన్నాడు, ఆ నవ్వు ఉంది. ఆదివారాలన్నీ పెట్టి ఒక్కొక్క పొరా చుట్టిన చేతులు లేవు. నన్ను తెర వెనక కూర్చోబెట్టినవాళ్లు నా పని ఎట్లా మరిచారో, అతని పనిని నేనూ అట్లాగే మరిచాను. ఈ ముక్క రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

రోజూ దీపం పెట్టాక నాకు మేలు చేసినవాళ్ల పేర్లు తలుచుకుంటాను. మా నాయన, మా మేనత్త, కాన్పులో ఆదుకున్న పక్కింటామె. మా ఆయన కూడా, గిటార్ ముట్టుకోనిచ్చినందుకు. సారంగం పేరు దగ్గరికి రాగానే దాటేస్తాను. నాకు అంత గొప్ప చప్పుడును ఇచ్చినవాడికి దండం పెట్టుకోవాలంటే, ముందు మిగతాది చెప్పాలి. దేవుడి దగ్గర కొంత చెప్పి కొంత దాచడం నాకు చేతకాదు.

మా ఆయన వేళ్లు తర్వాత సరిగా వంగలేదు. గిటార్ నాకు వదిలేశాడు. కాలనీ ఆడవాళ్ల భజనలో ఒళ్లో పెట్టుకుని చాలా ఏళ్లు వాయించాను. రాముడేమీ ముఖం తిప్పుకోలేదు. అందుకే ప్లగ్గు సంగతి ఎవరైనా అడిగితే, మళ్లీ ఆ తెర వెనక కూర్చోబెట్టండి, మళ్లీ పీకుతాను అంటాను. పీకి, లేచి నిలబడి, నేనే పీకానని చెబుతాను. ఆ రోజు నేను చేయలేకపోయింది ఆ రెండో సగమే.

సారంగం ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాడు. పోయి చెప్పొచ్చు కదా అంటారు. చెబితే మన్నిస్తాడు. అక్కడికక్కడే, చాయ్ చల్లారకముందే మన్నిస్తాడు, అతని గుణం అది. నాకు అది వద్దు. అంత సులువుగా ఇచ్చే మన్నింపు ఎంత చవకదో ఒకసారి నేనే ఇచ్చి చూశాను. మీరు కూడా తల ఊపకండి. మీ దగ్గరికి దానికోసం రాలేదు.

ఇది అచ్చయితే అతను చదవొచ్చు. చదివితే నన్ను పోల్చుకుంటాడు. నడుమ తెగిన తీగ సంగతి మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పని మనిషి.

సారంగం, నీ అతుకు గట్టిది. నీ చెయ్యి మంచిది. ఆ రోజు నువ్వు కలిసిందంటే కలిసింది. పీకింది నేను.