కృతజ్ఞత చీటీ

మొన్న బీపీ చూపించుకోడానికి శ్రీకాకుళం ఆస్పత్రికి వెళ్లాను. కౌంటరులో కూర్చున్న పిల్ల నా పేరు పిలవలేదు, జబ్బు అడగలేదు. "నలభై మూడు" అంది, అంతే. పక్కనున్న పెద్దాయన "మనుషులకి పేర్లు కూడా లేకుండా పోయాయి" అని విసుక్కున్నాడు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. ఆస్పత్రి ల్యాబులో కఫం పరీక్షలు చేసి రిటైరైనదాన్ని. ఆ నంబరు విలువ నాకు తెలిసింది మా మేనత్త వల్ల.

ఆమదాలవలస స్టేషను బయట అత్తది ఇడ్లీ కొట్టు. రైలు దిగినవాళ్లు ఆవిడ అల్లం చట్నీ రుచి చూడందే ఇల్లు చేరేవారు కాదు. ఓసారి అత్తకి దగ్గు పట్టుకుంది. పరీక్ష నేనే చేశాను. క్షయ. "ఒలే, ఎవులికీ సెప్పకు. నా సేతి వంట తినీవోళ్లకి బయమేస్తాది" అంది. డాక్టరు వద్దన్నన్నాళ్లూ మోకాళ్లనొప్పని చెప్పి కొట్టు మూసింది. ఎవరైనా వస్తే కుంటేది కూడా, ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు. వాళ్లు వెళ్లాక ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

ఇక ఎవరికీ అంటదు, కొట్టు తెరుచుకోమని డాక్టరు చెప్పిన వారం నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మేలు జరిగితే చీటీ రాసి కానుకల సంచిలో వెయ్యడం, పాస్టరుగారు దాన్ని పైకి చదవడం మా చర్చిలో వాడుక. వివరంగా రాయకపోతే దేవుడు ఇంకెవరి సంగతో అనుకుంటాడన్నట్టు పేరూ రాశాను, జబ్బూ రాశాను. ఆయన చదివారు. అందరూ మనస్ఫూర్తిగా ఆమెన్ అన్నారు. నా పక్కనే కూర్చున్న అత్త నెత్తిమీది కొంగు కాస్త ముందుకు లాక్కుంది.

మర్నాడు మొదటి వాయి దించితే ఒక్కరూ రాలేదు. ఆమెన్ అన్నవాళ్లే రోడ్డు అవతలి పక్కనుంచి నడిచిపోయారు. వారం చూసి అత్త కొట్టు కట్టేసింది. నేను ఏడుస్తుంటే, "ఏడవకే. మంచికే సేసినావు. గానీ అది నా జబ్బు, నీది కాదు గదా సెప్పడానికి" అంది. అంతకు మించి ఎన్నడూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మొన్న తిరిగొస్తూ, స్టేషను బయట పాత ఇడ్లీ కొట్టుండే చోట దింపమన్నాను. "క్షయ ముసల్ది ఇడ్లీలమ్మీది, ఆ సోటేనా అమ్మా?" అన్నాడు ఆటో ఆయన. ఆర్నెల్ల మందుకి పోయిన జబ్బది. అత్త పోయి కూడా పన్నెండేళ్లయింది. నా చీటీని మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నారు.