గద్దలకు మాంసం వేసిన ఖాలా

సైదాబాద్‌లో మా పక్కింటి ఖాలా, అంటే పిన్ని వరస, పోయిన శుక్రవారం పొద్దున చనిపోయింది. తొంభై దాటిన మనిషి. ముందు రోజు సాయంత్రం కూడా నల్లా సరిగా కట్టేయలేదని గోడ మీద నుంచి నన్ను తిట్టింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నాకు అట్లా రాయడం రాదు. ఆమె మీద నాకు ఒక కోపం ఇంకా మిగిలి ఉంది. అదే రాస్తాను.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో మాట. నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. నా భార్య మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బార్కస్‌లో ఒక దోస్తును నెలల తరబడి బతిమాలి అసీల్ జాతి పెట్టను తెచ్చుకున్నాను. అది పదకొండు పిల్లల్ని చేసింది. బస్తీలో ఎవరికీ లేని కోళ్లు నా వాకిట్లో తిరగాలని, బిడ్డ ఇంటికి వచ్చేసరికి అవి పెద్దవి కావాలని నా పట్టుదల.

ఖాలా భర్తకు ఉబ్బసం. ప్రతి గురువారం ఆమె మాంసం ముక్కలు ఆయన తల చుట్టూ తిప్పి, మిద్దె ఎక్కి గద్దలకు విసిరేది. ఆయన మీదున్న ఆపదను ఆ పక్షులు ఎత్తుకుపోతాయని నమ్మకం. సద్కా అంటారు. వేసుకోనీ, నాకేం అభ్యంతరం? కానీ ఆమె మిద్దె పక్కనే, కిందుగా, నా వాకిలి.

పిల్లలు బయట తిరగడం మొదలైన మొదటి గురువారమే ఒక గద్ద కిందికి దూకి ఒకదాన్ని తన్నుకుపోయింది. తల్లికోడి మనిషెత్తు ఎగిరింది. ఏం లాభం?

"ఖాలా, మీ సద్కా నా కొంప ముంచుతున్నది. ఇంకో దిక్కు వెయ్యరాదు?" అన్నాను.

"గట్ల కాదు బేటా. ఆకలైన గద్దే నీ పిల్లల్ని ఎత్కపోతది. కడుపు నిండితే ఎందుకొస్తది? వచ్చే వారం ఇంకింత వేస్త, చూడు."

అన్నంత పనీ చేసింది. రెట్టింపు మాంసం వేసింది, రెట్టింపు గద్దలొచ్చాయి. రెండు పిల్లలు పోయాయి. ఆ పై వారం ఇంకా ఎక్కువ వేసింది. మూడు పోయాయి.

"ఇప్పుడన్న సమజైందా ఖాలా?"

"నీ కోడికే తమీజ్ లేదు. పిల్లల్ని రెక్కల కింద పెట్టుకోవాలె గదా," అంది.

గంప కింద కమ్మి డ్యూటీకి పోతే ఎండకు సొమ్మసిల్లిపోయేవి. చివరికి ఖాలాయే తన మంచం దోమతెర తెచ్చి వాకిలి మీద కట్టించింది. నేను వేసిన ముడులు పనికిరావని విప్పి, మళ్లీ తనే వేసింది.

మరుసటి గురువారం నాకు సెలవు. ఆమె ముక్కలు విసిరింది. ఒక గద్ద సూటిగా దూకి దోమతెరలో చిక్కుకుంది. ఆరు పిల్లల కోపం నాకు. కర్ర తీసుకున్నాను. అంతలో ఖాలా కత్తెర పట్టుకుని పరుగున వచ్చి మధ్యలో నిలబడింది.

"జరుగు ఖాలా."

"కొట్టకు బేటా. మా ఆయన మీది బలా, ఆ ఆపదంత, దీని కడుపుల ఉన్నది. ఇది ఈడ చస్తే అది మళ్ల మా ఇంటికే వస్తది."

"మరి నా పిల్లలు?"

"నీ పిల్లలు నా జిమ్మా, నేను చూస్కుంట. దీన్ని పోనియ్యి."

బస్తీ మొత్తాన్ని గడగడలాడించే ఆ మనిషి ఒకరిని బతిమాలడం అప్పుడే చూశాను. కర్ర దించాను. ఆమె తన దోమతెరను తానే కత్తిరించింది. గద్ద ఆమె మణికట్టు చీరి మరీ ఎగిరిపోయింది. నెత్తురు తుడుచుకుంటూ, కర్ర ఎత్తినందుకు నన్నే ఇంకో గంట తిట్టింది.

ఆ తరువాత ఆమె మిద్దె మీద మాంసం వేయలేదు. గురువారం వస్తే సంచి పట్టుకుని మూసీ ఒడ్డు దాకా నడిచి, అక్కడ వేసి వచ్చేది. ఆయన ఇంకో పదేళ్లు బతికాడు. సద్కాతోనా, మందులతోనా అని ఒకసారి అడిగాను. "బతికిండు గదా, నీకెందుకు ఫికర్?" అంది.

ఆ మూసీకి నాలుగు వారాల ముందు నడిచి ఉంటే పదకొండూ దక్కేవి. ఈ మాట యాభై ఏళ్లు ఆమె ముఖం మీదే అన్నాను. "ఐదు మిగిలినయి గదా, దానికి శుక్రియా చెప్పు," అనేది. తప్పు ఒప్పుకోలేదు. ఒక్కసారి కూడా.

కానీ ఇది కూడా రాయాలి. మిగిలిన ఐదూ పెద్దవయ్యేదాకా, నేను డిపోకు పోగానే ఆమె మా వాకిట్లోకి వచ్చేది. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి చూస్తే రోజూ ఒకటే తీరు. ఖాలా ఒక చోట కూర్చునేది కాదు. భర్త గొడుగు విప్పి, పిల్లలు గీరుకుంటూ ఎటు పోతే అటు పోయేది. ముందు కోడి, దాని వెంట ఐదు పిల్లలు, వాటి మీద గుండ్రటి నీడ, వెనకాల నడుం వంచి గొడుగు ముందుకు చాపి, తన తల మాత్రం ఎండలో పెట్టుకుని, ఆకాశాన్ని తిడుతూ నడిచే మా ఖాలా.