వంద గింజల సాక్ష్యం

నాలుగో తరగతిలోనే బడి మానేసి మా లెక్కల అయ్యవారి ప్రాణం కాపాడినవాణ్ణి నేను. అయినా లెక్క అంటే మా ఊళ్లో సేద్యం సలహాలు చెప్పే గ్రామసేవకుడే కలలా కళ్ల ముందు కదులుతాడు.

నాయన తెచ్చిన వేరుశనగ విత్తనాల చీటీ మీద వందకు తొంభై మొలుస్తాయని ఉంది. మాకు అదునుకు పడేది ఒక్క వాన. మొలవకపోతే ఏడాదంతా పస్తే. గ్రామసేవకుడు ఆ పది మూటల్లోనూ చెయ్యి పెట్టి, వంద గింజలు తీసి తడిగోనెలో చుట్టాడు.

ఐదో రోజు, మబ్బు నీడలో, విప్పేముందు అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. "ఎనభై మొలిచినా చీటీని నమ్ముతా. తగ్గితే మూటలు ఎనక్కే. తర్వాత మాట మార్చను."

పాలపళ్లలా తెల్లగా మొలిచినవి అరవై. నాయన మూటలు మార్చి తెచ్చేసరికి చినుకు మొదలైంది.

"వంద గింజలకే పది మూటల గుట్టు తెలిసిపోయిందా సార్?" అన్నాను.

"నువ్వు రెండు మాటలు మాట్లాడితే చాలదేమప్పా, నీ తలకాయలో ఏముండాదో తెలిసేకి?"