పనిగిరి

నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని రాస్ అల్ ఖైమాలో మా క్యాంపు మొత్తానికి తెలుసు. మిగతా సగమూ అంతేనని నా రూమువాళ్లకు తెలుసు. ఒంటె నన్ను బీడీ అడిగిందంటే, ఇచ్చావా లేదా అని అడిగేవాళ్లు.

2013లో నేను రాళ్ల క్వారీలో స్టోర్ కీపర్‌ని. పేలుళ్లు పెట్టించే ఇంజనీరు గ్రీసు దేశస్థుడు. ఒక సాయంత్రం పిలిచి, "రేపు పనిగిరి. నేను రాను, క్వారీ బంద్. మీవాళ్లకు చెప్పు" అన్నాడు. పనిగిరి అంటే ఏమిటన్నాను. ఎప్పటిదో పాత మాటట. దేవుడి పండగ. విడదీస్తే, అందరూ ఒక్కచోట చేరడం. మన జాతరే. ఆ అందరూ ఆయన ఊళ్లో ఉన్నారు, ఆయన ఒక్కడూ ఇక్కడ.

ఉన్నదున్నట్టు చెబితే నా నోరెందుకవుతుంది?

"రేపు పనిగిరంట్రా" అన్నాను రూములో. "పని, గిరి. తెల్లారేసరికి కొండెక్కినోడికే ముదీర్ ముందు సెలవిస్తాడంట." ముదీర్ అంటే మా మేనేజరు.

"ముదీర్ నీ బామ్మర్దా అన్నా?"

"కాదు, మా మేనత్త కొడుకు."

అందరూ నవ్వారు. ఒకతను నవ్వలేదు. జగిత్యాల వైపువాడు, షార్జా నుంచి ఆ వారమే మా రూముకి మారాడు. మూడేళ్లుగా సెలవు లేదు. కూతుర్ని ఫోటోలో తప్ప చూడలేదు.

నవ్వులయ్యాక, "కాదురా, రేపు జాతర, బంద్" అని అసలు సంగతి చెప్పాను. అప్పటికి అతను బట్టలుతకడానికి బయటికెళ్లాడు. ఆ సంగతి నేను గమనించలేదు.

పొద్దున అతని మంచం ఖాళీ. క్వారీ గుట్ట మీద ముందురోజు పేల్చిన రాళ్లు ఇంకా వదులుగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి వాటి కింద దొరికాడు.

క్యాంపంతా గుట్ట కింద చేరింది. వండినవాళ్లూ, నిద్రలో ఉన్నవాళ్లూ, పక్క క్యాంపు పఠాన్లూ. గ్రీసు ఇంజనీరు టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన వైపు చూడలేకపోయాను.

దుబాయ్‌లో ఉండే అతని తమ్ముడు సాయంత్రానికి వచ్చాడు. "బంద్ నాడు మా అన్న గుట్టెందుకెక్కిండు?" అని అందరినీ అడుగుతున్నాడు.

నేను చెప్పాను. పని, గిరి, సెలవు, అంతా.

రూములోవాళ్లు నా భుజం పట్టి పక్కకు లాగారు. "తప్పన్నా, గిప్పుడు గూడ కతలేనా?" అని, ఆ తమ్ముడితో, "ఆయన మాట పట్టించుకోకు తమ్మీ, ఆయనకు అలవాటే" అన్నారు.

అతను వాళ్లనే నమ్మాడు.